లెక్కల పుస్తకంలో లేని పొదుపు: మన ఇండ్లలో ఎండు శనగాకు చరిత్ర



ప్రతి ఏడూ ఈ సంపుటిలో మన సంఘాల పొదుపు ఎంత, తెచ్చుకున్న అప్పు ఎంత, తిరిగి కట్టింది ఎంత అని లెక్కలు చదువుకుంటాం. ఈసారి ఆ లెక్కల పక్కనే ఇంకో పొదుపు గురించి నాలుగు మాటలు రాస్తున్నాం. బ్యాంకు మన గడప తొక్కకముందు, సంఘం అనే మాట మన నోట్లోకి రాకముందు, మన అవ్వలు చేసిన పొదుపు అది. దానికి పాసు పుస్తకం లేదు. తీర్మానం లేదు. ఒక కుండ, దాని మూతికి కట్టిన గుడ్డ, లోపల ఎండిన ఆకు. అంతే.

మనది నల్లరేగడి నేల. కర్నూలు, నంద్యాల వైపు ఊర్లలో చలికాలం వస్తే కనుచూపు మేర శనగ చేన్లే. ఆ చేన్లలో లేత కొనలు గిల్లి, ఆరబెట్టి, మళ్లీ వానలు పడేదాకా ఇంట్లో దాచుకోవడం మన ఆడవాళ్ల పని. సమావేశాల్లో పెద్దవాళ్లు దీని గురించి మాట్లాడుతుంటే మాకు ఒకటి అర్థమైంది. ఇది ఒట్టి వంట సంగతి కాదు. ఎవరూ రాసిపెట్టని మన చరిత్ర. రాసిపెట్టకపోతే మనతోనే పోతుంది.

గిల్లే కాలం

శనగ వాన మీద కన్నా పదును మీద బతికే పంట. వానాకాలం తడి నేలలో ఉండగానే, అక్టోబరు, నవంబరు నెలల్లో విత్తుతారు. తర్వాత వాన పడినా పడకపోయినా, ఆ పదునుతోనే చేను పైకి వస్తుంది. విత్తి నెల దాటినాక, ఇంకా పూత పట్టకముందు, కొనలు లేతగా ఉంటాయి. ఆ కొనల్ని రెండు వేళ్లతో గిల్లితే మొక్క పక్క కొమ్మలు వేస్తుంది. కొమ్మలు పెరిగితే పూతా పెరుగుతుంది, కాయా పెరుగుతుంది. అందుకే గిల్లడానికి వచ్చిన ఆడవాళ్లను చేను గలవాళ్లు వద్దనేవాళ్లు కాదు. "మా చేన్లో కూడా గిల్లిపోండమ్మా" అని పిలిచేవాళ్లట.

దీంట్లో ఒక పెద్ద సంగతి ఉంది. సెంటు భూమి లేని ఆడమనిషి కూడా ఒడి నిండా ఆకు తెచ్చుకునేది. అడుక్కున్నట్టు కాదు, కూలికి పోయినట్టూ కాదు. చేనుకు మేలు, ఇంటికి కూర. ఈ హక్కు ఏ కాగితం మీదా లేదు, కానీ ఊరంతా ఒప్పుకున్నదే.

గిల్లిన వాళ్లకు తెలుసు, శనగాకు ఊరికే రాదు. ఆకు మీద సన్నని నూగు ఉంటుంది. ఆ నూగు నుంచి పుల్లటి చెమ్మ ఊరుతుంది. దాంట్లో మాలిక్ ఆమ్లం, ఆక్సాలిక్ ఆమ్లం ఉంటాయని చదువుకున్నవాళ్లు చెప్తారు. మన భాషలో చెప్పాలంటే చేతులు మండుతాయి, కాళ్ల పగుళ్లు చురుక్కుమంటాయి. అందుకే మంచు ఆరినాక, పొద్దు కొంచెం పైకెక్కినాక చేన్లోకి దిగేవాళ్లు. కొన్ని చోట్ల రాత్రిపూట చెట్ల మీద పలుచని గుడ్డ పరిచి, పొద్దున్నే పిండి, ఆ పుల్లనీళ్లను అరుగుదలకు మందుగా దాచుకున్నారు కూడా.

ఆరబెట్టే తీరు

ఈ పనికి కాలం కూడా కలిసొచ్చేది. డిసెంబరు, జనవరిలో మన వైపు గాలి పొడిగా ఉంటుంది. వానాకాలంలో ఆకు ఆరబెడితే బూజు పడుతుంది. చలికాలంలో అయితే రెండు మూడు రోజుల్లో గలగలమంటుంది.

పెద్దవాళ్లు చెప్పిన పద్ధతి ఇది. ఆకు తెచ్చిన రోజే ఏరాలి. ముదురు కాడలు, పండిన ఆకు, పురుగు తిన్న ఆకు తీసేయాలి. రెండు మూడు నీళ్లలో కడిగి, గుడ్డ మీద పరిచి నీళ్లు పూర్తిగా దిగనివ్వాలి. తర్వాత పంచలోనో, గాలి ఆడే గదిలోనో, చాప మీద పాత నూలు చీర వేసి పలుచగా పరచాలి. మందంగా పోస్తే లోపల ఉడుకెత్తి నల్లబడుతుంది. పూటకొకసారి తిరగేయాలి. రాత్రి మంచు తగలకుండా లోపలికి తెచ్చుకోవాలి. పిడికిట్లో నలిపితే పొడి కావాలి. మెత్తగా వంగితే ఇంకా ఆరలేదని అర్థం.

కొన్ని ఇండ్లలో మిద్దె మీద ఎర్రటి ఎండలోనే పోసేవాళ్లు. తొందరగా ఎండుతుంది కానీ పచ్చదనం పోయి గడ్డి రంగు వస్తుంది. "నీడన ఆరిన ఆకుకే రుచి" అని అత్తలు కోడండ్లకు చెప్పింది ఊరికే కాదు. కంటి చూపుకు కావాల్సిన విటమిన్ 'ఎ' మన ఒంట్లో తయారు కావడానికి ఆకులోని కెరోటిన్ అనే పదార్థం కావాలి. ఎర్రటి ఎండ తగిలితే అది చాలా వరకు పోతుంది. నీడన ఆరిస్తే ఎక్కువ నిలుస్తుంది. మన అవ్వలకు కెరోటిన్ పేరు తెలియదు. రంగు తెలుసు, వాసన తెలుసు.

పచ్చి ఆకులో ఎక్కువ భాగం నీళ్లే. ఒక పెద్ద గంప ఆకు ఎండితే ఒక చిన్న కుండకు సరిపోతుంది. ఇంత చాకిరీ చేస్తే మిగిలేది అంతే. అందుకే ఆ కుండను అంత భద్రంగా చూసుకున్నారు. అడుగున ఎండు వేపాకు వేసి, మూతికి గుడ్డ కట్టి, పొయ్యి సెగ తగిలే గూట్లో పెట్టేవాళ్లు. తడి చెయ్యి పెట్టనిచ్చేవాళ్లు కాదు.

కుండ దించేది ఎప్పుడు

మార్చి దాటితే మెట్ట ఊర్లలో ఆకుకూర కంటికి కనిపించదు. బావి ఉన్నవాళ్ల మడుల్లో నాలుగు తోటకూర కట్టలు ఉంటే ఉంటాయి. అప్పుడు కుండ దిగుతుంది. పిడికెడు ఎండాకు కడిగి, కందిపప్పులో వేసి, మిరపకాయ, వెల్లుల్లి తగిలిస్తే జొన్నరొట్టెలోకి కూర అయిపోతుంది. శనగాకు తనకు తానే పులుపు కాబట్టి చింతపండు పనిలేదు. పప్పు కూడా లేని రోజున ఎండాకు వేయించి, మిరపకాయతో నూరి, పొడి చేసుకునేవాళ్లు.

ఈ తెలివి ఒక్క శనగాకుతో ఆగలేదు. చింతచిగురు కోసి, నీడన ఆరబెట్టి, అరచేతుల్లో నలిపి, ఈనెలు ఏరేసి దాచుకునే అలవాటు తెలుగు నేలంతా ఉంది. గోంగూర సంగతీ అంతే. కొందరు గోగాకు అంటారు, తెలంగాణ అక్కలు పుంటికూర అంటారు, పేరు ఏదైనా ఎండబెట్టుకున్న ఇండ్లు చాలా ఉన్నాయి. మెంతాకు, మునగాకు, కరివేపాకు సరేసరి. దూర దేశాల్లోనూ ఆడవాళ్లు ఇదే దారి పట్టారు. కాశ్మీరంలో మంచు కురిసే నెలల కోసం ఎండాకాలంలోనే కూరగాయలు, ఆకులు ఎండబెట్టుకుంటారు. నేపాల్‌లో ఆవాకు, ముల్లంగి ఆకు పులియబెట్టి ఎండబెట్టి 'గుంద్రుక్' చేస్తారు. ఆఫ్రికాలోని జింబాబ్వేలో ఆకుకూరను ఉడికించి ఎండబెట్టి 'ముఫుష్వా' అని దాచుకుంటారు. ఎక్కడ చూసినా కథ ఒకటే. ఆకు దొరికే నెలలు కొన్నే. కడుపు మాత్రం పన్నెండు నెలలూ అడుగుతుంది.

కరువు ముందు ఈ కుండ ఏపాటిది

పాతకాలాన్ని పొగడాలని ఇది రాయడం లేదు. ఎండాకు కుండ ఉన్న ఊర్లలోనే జనం ఆకలితో చచ్చిపోయారు కూడా.

1876లో వానలు పోయాయి. ఆ ఏడాది పేరు ధాత నామ సంవత్సరం. అందుకే మన వాళ్లు దాన్ని ధాత కరువు అన్నారు. 1878 దాకా సాగిన ఆ కరువులో మద్రాసు రాజధానిలో బాగా దెబ్బతిన్న జిల్లాల్లో మన కర్నూలు ఒకటి. 1871 జనాభా లెక్కకూ 1881 లెక్కకూ మధ్య ఈ జిల్లా జనం దాదాపు నాలుగో వంతు తగ్గిపోయారు. కొందరు చచ్చిపోయారు, కొందరు ఊర్లు విడిచి పోయారు.

ఆ కరువులో ఎండు శనగాకు ఎందుకు కాపాడలేదో మనకు తెలుసు. వానాకాలం పదునే లేకపోతే శనగ విత్తేది లేదు. విత్తకపోతే ఆకు లేదు. కుండ ఒక ఎండాకాలాన్ని దాటించగలదు కానీ ఒకదాని వెనుక ఒకటి వచ్చే కరువు ఏండ్లను దాటించలేదు. ఏ పొదుపుకైనా ఒక హద్దు ఉంటుందని ఆ రోజులు చెప్తున్నాయి.

ఆ కరువు కాగితాల్లో ఇంకో సంగతి ఉంది. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ అనే దొర కరువు పనులకు వచ్చిన మగ కూలికి రోజుకు ఒక పౌను ధాన్యం, అంటే దాదాపు 450 గ్రాములు, దాంతో పాటు కొంచెం చిల్లర ఇస్తే చాలన్నాడు. ఆడవాళ్లకు అంతకన్నా తక్కువ. మద్రాసులో ఆరోగ్య శాఖ పెద్దగా ఉన్న డాక్టరు కార్నిష్ దాన్ని గట్టిగా ఎదిరించాడు. ఒట్టి గింజలతో మనిషి పని చేయలేడు, గింజలు పెంచాలి, పప్పు, కూరలు కూడా కావాలి అన్నాడు. గింజ ఒక్కటే తిండి కాదని ఒక డాక్టరు సర్కారుతో వాదించాల్సి వచ్చింది. మన అవ్వలు ఆ మాటను కుండలో దాచి పెట్టుకున్నారు.

ఆకును కొలిచినవాళ్లు

ఆకులో ఏముందో కొలవడం తర్వాత మొదలైంది. 1918లో కూనూరులో మెకారిసన్ అనే డాక్టరు చిన్నగా పెట్టిన పరిశోధనశాల 1958లో హైదరాబాదుకు వచ్చింది. అదే ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థ. కూనూరులో ఉండగానే 1937లో అక్కడి అధిపతి ఎక్రాయిడ్ మన దేశపు తిండి పదార్థాల బలం ఎంతో లెక్కలు వేసి పుస్తకం తెచ్చాడు. పేదవాళ్ల కూర అని చిన్నచూపు చూసిన ఆకుల్లో ఇనుము, కాల్షియం, కెరోటిన్ ఎంత ఉన్నాయో ఇలాంటి లెక్కల వల్లే బయటపడింది. ఇప్పటి లెక్కల్లో కూడా 100 గ్రాముల పచ్చి మునగాకులో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది.

రక్తహీనత కథ ఇంకా దగ్గరిది. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ బొంబాయి వచ్చి, గర్భంతో ఉండగా రక్తం తగ్గిపోయి చనిపోతున్న ఆడవాళ్లను చూసింది. వాళ్లలో బట్టల మిల్లు కూలీలు ఉన్నారు. వాళ్ల తిండిలో ఏదో లోపం ఉందని పట్టుకుంది. ఆ లోపాన్ని పూడ్చే పదార్థాన్ని 1941లో అమెరికాలో నాలుగు టన్నుల పాలకూర నుంచి వేరు చేశారు. ఆకు నుంచి వచ్చింది కాబట్టి లాటిన్ భాషలో ఆకు అనే అర్థం వచ్చేటట్టు ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. దాన్ని 1945లో ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి పెద్ద మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు. ఈ రోజు ఆశా అక్క మనకిచ్చే ఐరన్ మాత్రలో ఇనుముతో పాటు ఉండేది ఆ ఫోలిక్ ఆమ్లమే. అంటే మాత్ర వేరు, ఆకు వేరు కాదు. రెండూ ఒక ఇంటివే.

ఇక్కడ ఒక నిజం చెప్పాలి. ఆకు ఎండితే ఇనుము, కాల్షియం పోవు. నీడన ఆరితే కెరోటిన్ కొంత నిలుస్తుంది. కానీ విటమిన్ 'సి' చాలా వరకు పోతుంది. ఫోలిక్ ఆమ్లం కూడా వెలుతురుకు, వేడికి తగ్గిపోతుంది. కాబట్టి ఎండాకు పచ్చి ఆకుకు బదులు కాదు, మాత్రకు బదులు అసలే కాదు. గర్భంతో ఉన్న చెల్లెలు "నేను ఎండాకు తింటున్నాగా" అని మాత్ర మానేస్తే నష్టపోతుంది. ఎండాకు కూర తిన్నప్పుడు నిమ్మకాయ పిండుకోండి, ఆకులో ఉన్న ఇనుము ఒంటికి బాగా పడుతుంది. తిన్న వెంటనే టీ తాగితే అది తగ్గుతుంది. మూత్రపిండాల్లో రాళ్లు ఉన్నవాళ్లు శనగాకు లాంటి పుల్లాకు విషయంలో డాక్టరును అడిగి తినాలి.

ఈ మాటలు ఎందుకంటే, 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏండ్ల ఆడవాళ్లలో వందకు దాదాపు 59 మందికి రక్తహీనత ఉంది. మన సంఘంలో పది మంది కూర్చుంటే ఐదారుగురికి ఉందన్నమాట. సంఘం రిజిస్టరులో ఇది అప్పుగా కనిపించదు. కానీ అప్పే.

శనగ పెరిగింది, శనగాకు పోయింది

మమ్మల్ని ఎక్కువ ఆలోచింపజేసింది ఇది. 1990ల తర్వాత మన నల్లరేగడిలో శనగ సాగు ఎన్నో రెట్లు పెరిగింది. జొన్న, పత్తి వేసే చేన్లలోకి శనగ వచ్చింది. 1999లో విడుదలైన జేజీ 11 రకం ఇంటింటికీ చేరింది. మిషనుతో కోయడానికి వీలుగా నిటారుగా పెరిగే రకాలను నంద్యాల పరిశోధన కేంద్రం తెచ్చింది. పంట పెరిగింది, రైతు ఇంటికి డబ్బు వచ్చింది. అది మంచిదే. మనలో చాలామంది ఆ రైతు ఇండ్ల వాళ్లమే.

కానీ ఇంత శనగ ఉన్న మన ఊర్లలో ఎండు శనగాకు ఉన్న ఇండ్లు వేళ్ల మీద లెక్కపెట్టాలి. చేన్లకు మందు కొట్టడం పెరిగింది. మందు కొట్టిన చేన్లో గిల్లడానికి ఎవరికి ధైర్యం ఉంటుంది? గిల్లే రోజులకే కలుపు మందో, పురుగు మందో పడి ఉంటుంది. కౌలుకు ఇచ్చిన చేన్లలో పాత మాట చెల్లదు. మొహమాటం కూడా ఒక కారణమే. ఎండాకు కూర అంటే లేనివాళ్ల కూర అనే చిన్నతనం మన పిల్లల్లోకి మన నుంచే పోయింది. అదే ఆకును పొడి చేసి, డబ్బాలో పోసి, రంగు కాగితం అంటిస్తే బజారులో కొంటున్నాం.

పోయింది ఒక్క కూర కాదు. భూమి లేని ఆడమనిషికి ఊరి చేన్లలో ఉన్న చిన్న హక్కు పోయింది. దాన్ని ఎవరూ లాక్కోలేదు. అడిగేవాళ్లు లేక పోయింది.

మన చేతిలో ఉన్నది

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారాకు ఎదురు నిలిచారు. ఆ పోరాటం తర్వాత 1993 నుంచి ఆ జిల్లాలో రోజుకో రూపాయి దాచే పొదుపు లక్ష్మి సంఘాలు లేచాయి. ఆ దారిలోనే మనమూ ఇక్కడిదాకా వచ్చాం. రోజుకో రూపాయి అంటే నవ్వినవాళ్లు ఉన్నారు. ఆడవాళ్లకు పొదుపు కొత్తగా నేర్పాలని అనుకున్నవాళ్లూ ఉన్నారు. పిడికెడు పిడికెడు ఆకు ఆరబెట్టి ఆరు నెలలు దాచిన వాళ్లకు రూపాయి దాచడం కొత్త కాదు. ఆ మాట మనమే మరిచిపోతే ఎవరు చెప్తారు?

అందుకని వచ్చే ఏడాదికి మూడు పనులు అనుకుందాం.

ఒకటి. చేను ఉన్న సభ్యులు ఈ రబీలో నాలుగు సాళ్లు, గిల్లడం అయ్యేదాకా మందు కొట్టకుండా వదలండి. మందు గాలికి కొట్టుకు రాకుండా చేనుకు ఒక పక్కన, గాలి వచ్చే వైపున వదలండి. ఎవరు గిల్లుకోవచ్చో సంఘం సమావేశంలో ముందే చెప్పండి. చేను లేని అక్కలను మొదట పిలవండి.

రెండు. పెరట్లో మునగ చెట్టు, కరివేపాకు చెట్టు లేని ఇల్లు ఉండకూడదు. వాటికి చేను అక్కర్లేదు. ఆకు నీడన ఆరబెట్టి, తడి లేని స్టీలు డబ్బాలో పోసి, మూత గట్టిగా పెట్టి, మీద నెల పేరు రాయండి. రోడ్డు మీద ఆరబోయకండి, దుమ్ము, బండ్ల పొగ పడతాయి. బూజు వాసన వస్తే దాచుకోవద్దు, పారేయండి.

మూడు. మీ ఊర్లో ముసలి అవ్వలు ఇంకా ఉన్నారు. ఏ ఆకు ఏ నెలలో కోసేవాళ్లు, ఎట్లా ఆరబెట్టేవాళ్లు, ఎవరి చేన్లో గిల్లేవాళ్లు అని అడిగి, సంఘం తీర్మానాల పుస్తకంలో వెనుక పేజీలో రాయండి. మొదట పుస్తకం రాసే చెల్లెలు తన ఇంటి నుంచే మొదలుపెట్టాలి.

వచ్చే ఏడు ఈ సంపుటి రాసేటప్పుడు ఆ పేజీలు తెచ్చి మాకు ఇవ్వండి. పొదుపు లెక్కల పక్కనే అచ్చు వేద్దాం.